తొమ్మిది ఓట్లు
లోక్‌సభ ఎన్నికల్లో దేశంలోనే అతి స్వల్ప ఆధిక్యత నమోదైన అనకాపల్లిలో ఓటు విలువ

(మా గ్రామీణ విలేఖరి)

అనకాపల్లి: ఎన్నికలు దగ్గర పడుతున్నాయంటే చాలు, పల్లెల్లో రచ్చబండల మీదా, టీ కొట్ల దగ్గరా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "ఒక్క ఓటుకి ఏటైపోతాది బావూ? మనవొక్కరం ఎళ్ళకపోతే ఎన్నికలాగిపోతాయా?" అని. ఈ మాట ఏ ఊళ్ళో అన్నా చెల్లుతుందేమో గాని, అనకాపల్లి ప్రాంతంలో మాత్రం చెల్లదు. ఎందుకంటే పార్లమెంటు ఎన్నికల చరిత్రలో ఇంతకంటే తక్కువ తేడాతో గెలుపోటములు ఎక్కడా తేలలేదు. ఆ తేడా కేవలం తొమ్మిది ఓట్లు.

ఇది జరిగి మూడున్నర దశాబ్దాలు దాటింది. పెద్దవాళ్ళకు గుర్తుంది. కుర్రకారులో చాలామందికి తెలియదు. బెల్లానికీ, నూకాలమ్మ జాతరకూ పేరు మోసిన ఈ గడ్డకు ఇటువంటి పేరు కూడా ఒకటుందని చెబితే కాలేజీ కుర్రాళ్ళు నమ్మలేక నవ్వుతున్నారు. అందుకే మళ్ళీ ఒకసారి గుర్తు చేయవలసి వస్తున్నది.

1989లో ఏం జరిగింది?

1989 నవంబరులో లోక్‌సభకూ, రాష్ట్ర శాసనసభకూ ఒకేసారి ఎన్నికలు జరిగాయి. అప్పటికి రాష్ట్రంలో తెలుగుదేశం ప్రభుత్వం ఉన్నది. 1982 మార్చిలో పార్టీ పెట్టి తొమ్మిది నెలలకే, 1983 జనవరిలో అధికారానికి వచ్చిన ఎన్.టి. రామారావు అప్పటి ముఖ్యమంత్రి. 1984 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెసు గాలి వీచినా ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం తెలుగుదేశం 30 స్థానాలు గెలుచుకుని లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షంగా కూర్చున్నది. అయిదేళ్ళు తిరిగేసరికి గాలి మారింది. 1989లో దేశంలో కాంగ్రెసు అధికారం పోగొట్టుకోగా, మన రాష్ట్రంలో మాత్రం 42 లోక్‌సభ స్థానాల్లో 39 ఆ పార్టీకే దక్కాయి. శాసనసభలోనూ కాంగ్రెసుకు ఆధిక్యత వచ్చి మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. రామారావు హిందూపురంలో గెలిచినా కల్వకుర్తిలో ఓడిపోయారు.

అంత పెద్ద గాలిలో కూడా అనకాపల్లి లోక్‌సభ స్థానంలో పోటీ నువ్వా నేనా అన్నట్లు సాగింది. కాంగ్రెసు తరఫున కొణతాల రామకృష్ణ, తెలుగుదేశం తరఫున పెతకంశెట్టి అప్పలనరసింహం తలపడ్డారు. అప్పలనరసింహం 1984లో ఇదే స్థానం నుండి గెలిచినవారు. లెక్కింపు పూర్తయ్యేసరికి రామకృష్ణ తొమ్మిది ఓట్ల ఆధిక్యతతో గెలుపొందారు. ఆయన 1991లో కూడా ఇక్కడి నుండే గెలిచారు. చాలా ఏళ్ళ తరువాత 2024లో జనసేన అభ్యర్థిగా అనకాపల్లి శాసనసభ స్థానం నుండి ఎన్నికయ్యారు.

లోక్‌సభ ఎన్నికల్లో తొమ్మిది ఓట్ల తేడా మళ్ళీ ఒక్కసారి మాత్రమే వచ్చింది. 1998లో అప్పటి బీహారులోని రాజ్‌మహల్ స్థానంలో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి సోమ్ మరాండీ అంతే ఆధిక్యతతో గెలిచారు. ఆ విధంగా ఈ రికార్డును అనకాపల్లి, రాజ్‌మహల్ రెండూ పంచుకుంటున్నాయి.

లక్షల ఓట్లు పోలైన చోట తొమ్మిది అంటే ఎంత? ఒక ఉమ్మడి కుటుంబమంత. ఒక ఆటోలో ఇరుక్కుని సంతకు వెళ్ళే జనమంత. నియోజకవర్గంలో ఉన్న వందల పోలింగు కేంద్రాలకు పంచితే ఎన్నో పదుల కేంద్రాలకు కలిపి ఒక్క ఓటు కూడా రాదు. ఇంకో లెక్క కూడా ఉన్నది. గెలిచినవారికి వేసిన వారిలో అయిదుగురు మనసు మార్చుకుని రెండవవారికి వేసి ఉంటే ఫలితం తారుమారయ్యేది. ఓడినవారి మద్దతుదార్లలో ఇంటి దగ్గర ఉండిపోయిన పదిమంది వచ్చి ఉన్నా అంతే. అలా ఉండిపోయినవారు ఏ ఊళ్ళో ఎంతమందో ఎవరు చెప్పగలరు?

చెప్పగలిగిన ఇల్లు ఒకటి ఈ విలేఖరికి బాగా తెలుసు. అది తన సొంత ఇల్లే.

పెనం దించలేక ఓటు పోయింది

ఈ విలేఖరి అప్పటికి పుట్టలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పుకోగా విన్నదే ఇదంతా. అప్పటికి మా ఇంట్లో ఓటు హక్కున్నవారు అయిదుగురు: తాత, నాన్నమ్మ, నాన్న, అమ్మ, చిన్నాన్న. చిన్నాన్నకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఓటు వయసు 21 నుండి 18 ఏళ్ళకు తగ్గిస్తూ చేసిన 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చిలోనే అమలులోకి వచ్చింది. అందువల్ల ఆ ఏడాది దేశమంతటా 18, 19, 20 ఏళ్ళ కుర్రకారుకు పార్లమెంటు ఎన్నికల్లో తొలిసారి అవకాశం దక్కింది. చిన్నాన్న పేరు కూడా కొత్తగా జాబితాకెక్కింది.

కార్తీకం చివరి రోజులు. ఒకవైపు వరి కోతలు. ఇంకోవైపు ముందుగా నాటిన చెరుకు నరికి గానుగ దగ్గర వేశారు. నరికిన చెరుకు నిలవుంచితే రసం పులుస్తుంది, బెల్లం రంగు పోతుంది. రంగు పోయిన దిమ్మకు అనకాపల్లి మార్కెట్లో ధర రాదు. గానుగ వంతు మాకు సరిగ్గా పోలింగు నాడే వచ్చింది. ఆ రోజు వదులుకుంటే మళ్ళీ వంతు ఎప్పుడో. తాత పొయ్యి దగ్గర, చిన్నాన్న గానుగలో చెరుకు పెట్టడానికి, నాన్న బళ్ళ వెంట, నాన్నమ్మ పిప్పి ఎండబెట్టడానికి. అందరూ పొద్దున్నే కళ్ళంలో దిగిపోయారు. "మధ్యాహ్నం పెనం దించాక ఎళ్దాం" అనుకున్నారట. మధ్యాహ్నం ఒక పెనం దింపేసరికి రెండవది ఎక్కింది. సాయంత్రం అయ్యేసరికి పోలింగు ముగిసింది. ఇంటి దగ్గరున్న అమ్మ ఒక్కతే ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి వెళ్ళి ఓటు వేసి వచ్చింది. అయిదు ఓట్లలో నాలుగు పోయాయి.

లెక్కింపు ఫలితం వచ్చిన రోజున ఊళ్ళో ఒకటే చర్చ. తొమ్మిది ఓట్లు, తొమ్మిది ఓట్లు అని. ఆ రాత్రి తాత అన్నం దగ్గర కూర్చుని వేళ్ళు మడిచి లెక్కపెట్టాడట. "మనవి నాలుగు. ఎదురింటోళ్ళవి మూడు. ఆళ్ళూ కల్లంలోనే ఉన్నారు. ఇంకో రెండు దొరకవా?" అన్నాడట. గానుగ దగ్గర ఆ రోజు కలిసి పనిచేసిన రెండిళ్ళ జనాన్నీ లెక్కవేస్తే తొమ్మిదికి రెండే తక్కువ.

తాత ఓటు ఎవరికి వేద్దామనుకున్నాడో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పమని ఎవరూ అడగలేదు. గెలిచినవారు ఆయనకు ఇష్టులో, ఓడినవారు ఇష్టులో తెలియదు. ఆయన బాధ అది కాదు. "ఊరందరి మాటా తేలిన రోజున మన మాట లేకుండా పోయింది" అన్నదే ఆయన బాధ. అప్పటి నుండి ఇంట్లో ఒక నియమం ఏర్పడింది. పోలింగు నాడు పొయ్యి అంటించకూడదు. పంచాయతీ ఎన్నికైనా, పార్లమెంటు ఎన్నికైనా సరే. వంతు వచ్చినా పక్కవాళ్ళకు ఇచ్చివేయడమే. తాత పోయినా ఆ నియమం మాత్రం పోలేదు.

అనకాపల్లి ఒక్కటే కాదు

ఇది ఎప్పుడో ఒకసారి జరిగిన వింత అనుకుంటే పొరపాటు. 2014 ఎన్నికల్లో గుంటూరు జిల్లా మంగళగిరి శాసనసభ స్థానంలో ఆళ్ళ రామకృష్ణారెడ్డి 12 ఓట్ల తేడాతో గెలిచారు. 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు ఆధిక్యత 25 ఓట్లు. 2018లో తెలంగాణలోని ఆసిఫాబాద్‌లో ఆత్రం సక్కు 171 ఓట్లతోనూ, 2023లో చేవెళ్ళలో కాలె యాదయ్య 268 ఓట్లతోనూ బయటపడ్డారు. 2024లో రాష్ట్రమంతా ఒకే వైపు మొగ్గి 175 స్థానాల్లో 164 తెలుగుదేశం, జనసేన, భాజపా కూటమికి వచ్చినా, మడకశిరలో ఆ కూటమి అభ్యర్థి గెలిచింది 351 ఓట్లతోనే. గాలి ఎంత వీచినా ప్రతి ఊళ్ళోనూ ఒకే తీరుగా వీయదని దీన్ని బట్టి తెలుస్తున్నది.

ఒక్క ఓటుతో ఓడినవారూ ఉన్నారు. 2004లో కర్ణాటకలోని సంతెమరహళ్ళిలో ఏ.ఆర్. కృష్ణమూర్తి అనే అభ్యర్థి ఒక్క ఓటు తేడాతో శాసనసభకు పోలేకపోయారు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో ఆ రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడు సి.పి. జోషీకి కూడా అదే గతి పట్టింది. తన పార్టీ అధికారంలోకి వచ్చినా ఆయన మాత్రం ఒక్క ఓటు తేడాతో ఓడి, శాసనసభలో అడుగు పెట్టలేకపోయారు. 

ఊళ్ళో ఓటుకే కాదు, దేశ రాజధానిలో ఓటుకూ ఇదే లెక్క. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో విశ్వాస పరీక్షకు నిలబడినప్పుడు అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు వచ్చాయి. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయి దేశమంతా మళ్ళీ ఎన్నికలకు వెళ్ళవలసి వచ్చింది. ఆనాడు సభాపతి స్థానంలో ఉన్నది మన కోనసీమకు చెందిన జి.ఎం.సి. బాలయోగి. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయినా ఇంకా పార్లమెంటు సభ్యత్వం వదలని గిరిధర్ గమాంగ్ ఆ రోజు ఓటు వేయడం పెద్ద చర్చనీయాంశమైంది. గమాంగ్ మన ఉత్తరాంధ్రకు ఆనుకుని ఉన్న కోరాపుట్ సభ్యుడు కావడం గమనార్హం.

ఓట్లు సరిసమానంగా వస్తే? చట్టం ప్రకారం చీటీ తీస్తారు. చీటీ ఎవరి పేర వస్తే వారికి ఒక ఓటు అదనంగా వచ్చినట్లు లెక్క. ఇంటి దగ్గర ఒక్కరు ఉండిపోయిన పాపానికి అయిదేళ్ళ పెత్తనం చీటీ మీదకు పోతుందన్నమాట.

జాబితాలో పేరుంటేనే

పోలింగు నాడు బయలుదేరడం ఒక ఎత్తు. జాబితాలో పేరుండటం ఇంకో ఎత్తు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక ఎన్నికలు 1951-52లో జరిగినప్పుడు సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాల నుండి తీసివేయవలసి వచ్చింది. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో ఇది జరిగింది. పేరేమిటని అడిగితే వాళ్ళు తమ పేరు చెప్పక "ఫలానా వాడి భార్యను", "ఫలానా వాడి తల్లిని" అని చెప్పడమే దానికి కారణం. పేరు లేనివారికి ఓటు లేదని ఎన్నికల సంఘం గట్టిగా నిలబడింది. ఆ తరువాతే ఆడవాళ్ళు సొంత పేర్లతో జాబితాలకెక్కారు.

ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు గాని వేరే ఇబ్బందులున్నాయి. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన ఆడపిల్ల పేరు పుట్టింటి ఊళ్ళో ఉండిపోతుంది. ఇల్లు మారినవారి పేరు పాత వీధిలో ఉంటుంది. చనిపోయినవారి పేరు ఉంటుంది, బతికున్నవారి పేరు పోతుంది. 2019 ఏప్రిల్ 11న ఈ విలేఖరి తల్లికి ఇదే అనుభవమైంది. 1989లో ఇంటి నుండి ఓటు వేసింది ఆమె ఒక్కతే. అప్పటి నుండి ఏ ఎన్నికా మానలేదు. అటువంటి ఆమె ఎండలో రెండు గంటలు వరుసలో నిలబడి లోపలికి వెళితే జాబితాలో పేరు లేదన్నారు. చేతిలో గుర్తింపు కార్డు ఉన్నది. అయినా పేరు లేదు గనుక ఓటు లేదు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియలేదు. మాకూ ముందుగా చూసుకోవాలన్న ధ్యాస లేకపోయింది. వేలికి సిరా లేకుండా ఆమె ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని, "కారుడుంటే ఓటుంటాదనుకున్నాను" అన్నది. మన పల్లెల్లో చాలామంది అనుకుంటున్నది కూడా అదే.

కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్లు కాదు. జాబితాలో పేరు ఉంటేనే ఓటు. కార్డు కనిపించకపోయినా పేరుంటే ఓటు వేయవచ్చు. 2024 ఎన్నికల్లో ఆధార్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, డ్రైవింగ్ లైసెన్సు, ఫొటో ఉన్న పింఛను కాగితాలు వంటివాటిని కూడా గుర్తింపుగా అంగీకరించారు. ఇంటికి వచ్చే ఓటరు చీటీ మాత్రం గుర్తింపు పత్రం కాదు. అది మన వరుస సంఖ్య, కేంద్రం తెలుసుకోవడానికే.

కొత్తగా పేరు చేర్చుకోవడానికి 6వ నంబరు ఫారం. తప్పులు సరిచేసుకోవడానికీ, చిరునామా మార్చుకోవడానికీ 8వ నంబరు. చనిపోయినవారి పేరు తీసివేయడానికీ, ఎవరి పేరు మీదైనా అభ్యంతరం చెప్పడానికీ 7వ నంబరు. 18 ఏళ్ళు నిండిన కుర్రాళ్ళు పూర్వంలా జనవరి 1 దాకా ఆగనక్కరలేదు. 2022 నుండి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1, ఈ నాలుగు తేదీల్లో దేనికి వయసు నిండితే దానికి చేరవచ్చు. ఫారాలు ప్రతి పోలింగు కేంద్రానికీ ఉండే బి.ఎల్.ఓ. దగ్గర ఇవ్వవచ్చు. 1950 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. ఒక్క సంగతి మాత్రం మరువరాదు. నామినేషన్ల గడువు ముగిసిన తరువాత ఆ ఎన్నికకు జాబితాలో ఎవరి పేరూ చేర్చరు. పోలింగు నాడు ఎంత వాదించినా లాభం ఉండదు. చూసుకోవలసింది ముందే.

జాతరకు వచ్చేవారు ఓటుకు రారా?

మన పల్లెల నుండి విశాఖపట్నానికీ, హైదరాబాదుకూ, ఇంకా దూరాలకూ పనులకు వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతరంటే, సంక్రాంతి అంటే ఎక్కడున్నా రైలు పట్టుకుని వచ్చేస్తారు. అదే ఓటనేసరికి దారి ఖర్చులు, పోయే కూలి గుర్తుకు వస్తాయి.

అయితే మారుతున్నవారు కూడా లేకపోలేదు. 2024 మే 13న పోలింగు జరిగినప్పుడు హైదరాబాదు నుండి వచ్చే బస్సులు, రైళ్ళు జనంతో కిటకిటలాడాయి. రాష్ట్రంలో కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాకా వరుసలు సాగాయి. పోస్టల్ ఓట్లతో కలిపి సుమారు 82 శాతం పోలింగు నమోదైంది. 2019లో అది సుమారు 80 శాతం. దీనికి ఎదురుగా 2023 తెలంగాణ ఎన్నికల్లో హైదరాబాదు జిల్లాలో సగం మంది కూడా ఓటు వేయలేదు. చదువుకున్నవారు ఉండే నగరం కంటే మన పల్లెలే నయమని దీన్ని బట్టి చెప్పుకోవచ్చు. కాని 82 శాతమన్నా నూటికి 18 మంది రాలేదనే అర్థం. వెయ్యి ఓట్లున్న కేంద్రంలో అది 180 ఓట్లు. తొమ్మిదితో తీర్పు తేలిన చోట 180 అంటే ఎంతో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

అచ్యుతాపురం, పరవాడ ప్రాంతాల కర్మాగారాల్లో షిఫ్టులకు వెళ్ళే పిల్లలు ఒక విషయం తెలుసుకోవాలి. పోలింగు నాడు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉన్నది. రోజు కూలీలకు కూడా అది వర్తిస్తుంది. ఆపితే ప్రమాదమో, పెద్ద నష్టమో కలిగే పనుల్లో ఉన్నవారికి మాత్రమే మినహాయింపు. అటువంటివారు కూడా ముందుగా మేస్త్రీతో మాట్లాడుకుని షిఫ్టు మార్చుకుంటే ఓటు దక్కుతుంది. అడగనివారికి ఎవరూ పిలిచి ఇవ్వరు.

రోజుకు రూపాయి పది పైసలు

ఓటుకు నోటు సంగతి చెప్పకుండా ఎన్నికల ముచ్చట ముగించడం కపటమే అవుతుంది. ఎవరిస్తున్నారు, ఎంతిస్తున్నారన్నది ఇక్కడ అప్రస్తుతం. ఒక లెక్క మాత్రం పాఠకుల ముందుంచుతున్నాము. ఒక ఓటుకు రెండు వేల రూపాయలు చేతిలో పెట్టారనుకుందాం. అయిదేళ్ళంటే 1825 రోజులు. భాగిస్తే రోజుకు రూపాయి పది పైసలు. ఈ రోజుల్లో దానికి టీ కూడా రాదు. ఆ రూపాయి పది పైసలు తీసుకున్నవాడు రోడ్డు గోతుల గురించి, తాండవ కాలువ నీళ్ళ గురించి, చెరుకు బకాయిల గురించి ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? పైగా ఓటు కోసం డబ్బు ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడం కూడా చట్టప్రకారం నేరమే.

పుచ్చుకున్నవారిలో కొందరు "ప్రమాణం చేశాం గదా, తప్పితే పాపం" అని భయపడుతుంటారు. మరికొందరు ఎవరికి వేశామో తెలిసిపోతుందని జంకుతుంటారు. ఓటు రహస్యమని చట్టం చెబుతున్నది. యంత్రం మీద మీట నొక్కినప్పుడు పక్కనున్న పెట్టెలో కాగితం చీటీ ఏడు సెకన్లు కనబడి లోపల పడిపోతుంది. అది చూడగలిగేది ఓటరు ఒక్కరే. ఆ చీటీ ఎవరికీ ఇవ్వరు. అందులో ఓటరు పేరూ ఉండదు. నిలబడినవారెవరూ నచ్చకపోతే 2013 నుండి "పై వారెవరూ కాదు" అన్న మీట కూడా ఉన్నది. కోపంతో ఇంట్లో కూర్చోవడం కంటే వెళ్ళి ఆ మీట నొక్కినా లెక్కలోకి వస్తుంది.

పోలింగు నాడు తెలిసి ఉండవలసినవి

పోలింగు ముగిసే వేళకు వరుసలో నిలబడి ఉంటే చాలు, ఎంత రాత్రయినా ఓటు వేయనివ్వవలసిందే. మా తాత కాలంలో ఈ ముక్క చెప్పినవారు లేకపోయారు. కనీసం చివరి నిమిషంలో వెళ్ళి వరుస పట్టుకున్నా ఆ నాలుగు ఓట్లు పడి ఉండేవి.

వెళ్ళేసరికి మీ ఓటు ఎవరో వేసేశారని తేలితే గొడవపడి తిరిగి రానక్కరలేదు. మీరే అసలు ఓటరని అధికారికి రుజువు చూపితే కాగితపు బ్యాలెట్ ఇస్తారు. దాన్ని విడిగా కవరులో భద్రపరుస్తారు. మామూలు లెక్కింపులో అది కలవదు గాని, ఫలితం మీద వివాదం కోర్టుకు వెళితే పనికివస్తుంది. ముఖ్యంగా తేడా పదుల్లో ఉన్నచోట అటువంటి ఓట్లకే విలువ.

చూపు ఆననివారు, చేతులు స్వాధీనంలో లేనివారు 18 ఏళ్ళు నిండిన ఒకరిని తోడు తీసుకుని లోపలికి వెళ్ళవచ్చు. 2024 లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో 85 ఏళ్ళు దాటినవారికీ, 40 శాతం గాని అంతకు మించి గాని వైకల్యం ఉన్నవారికీ ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు కల్పించారు. అందుకు 12-డి ఫారం నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోగా ఇవ్వాలి. ఇక ఓటర్లను అభ్యర్థులు తమ బళ్ళలో, ఆటోల్లో తరలించడం నిషిద్ధం. కాని ఇంట్లోవాళ్ళను మన బండి మీద మనం తీసుకువెళ్ళడానికి అడ్డు లేదు. కొండవాలు పల్లెల్లో, దూరపు శివార్లలో ఉన్నవారు నాలుగిళ్ళవాళ్ళు కూడబలుక్కుని పొద్దున్నే బయలుదేరితే ముసలివారికి ఎండ బాధ తప్పుతుంది.

పంచాయతీలో ఇంకా దగ్గర

పార్లమెంటు ఎన్నికల్లో తొమ్మిది ఓట్లంటే ఆశ్చర్యపోతున్నాం గాని, పంచాయతీ వార్డులో అది మామూలు సంగతి. రెండు మూడు వందల ఓట్లుండే వార్డులో ఒకటి రెండు ఓట్లతో తేలడం కొత్త కాదు. మన రాష్ట్రంలో 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. వీటిని జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అప్పుడు యంత్రాలు లేవు. కాగితపు బ్యాలెట్, ముద్ర, పెట్టె. ముద్ర రెండు గుర్తుల మీద పడినా, ఎక్కడ వేశామో తెలియకుండా గీత మీద పడినా ఓటు చెల్లదు. 1989లో కూడా కాగితపు బ్యాలెట్లే. కేంద్రం దాకా వెళ్ళి కూడా ముద్ర సరిగా వేయక ఓటు పోగొట్టుకున్నవారు ఆ రోజుల్లో ప్రతి ఎన్నికలోనూ ఉండేవారు. వీధి దీపం, మంచినీళ్ళ కుళాయి, కాలువ పూడిక, ఇవన్నీ చూడవలసింది పంచాయతీయే. ఆ ఎన్నికకు వెళ్ళకుండా ఢిల్లీ రాజకీయాలు మాట్లాడుకుంటే ఊళ్ళో కుళాయి రాదు.

నాన్నమ్మ వేలు

చివరగా మళ్ళీ మా ఇంటి సంగతి. 2019లో పేరు పోయిన అమ్మకు తరువాత ఫారం పెట్టి మళ్ళీ చేర్పించాము. ఈసారి జాబితా రాగానే ఇంట్లో అందరి పేర్లూ వేలు పెట్టి చూసుకున్నాము. 2024 ఎన్నికలనాటికి నాన్నమ్మకు 85 దాటాయి. ఇంటి దగ్గరే ఓటు వేయవచ్చని చెబితే ఆమె ఒప్పుకోలేదు. "కల్లంలో కూకుని ఒకపాలి పోగొట్టుకున్నాను. మళ్ళీ ఇంట్లో కూకోమంటావేటి?" అన్నది.

మే 13న తెల్లవారుజామునే బయలుదేరాము. చిన్నాన్న బండి నడిపాడు. 1989లో తొలి ఓటు పోగొట్టుకున్న ఆ పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి ఇప్పుడు యాభై దాటాయి. వెనక నాన్నమ్మ, ఆమెను పట్టుకుని అమ్మ. వరుసలో ఉన్నవారు పెద్దావిడకు దారి ఇచ్చారు. లోపలికి వెళ్ళి రెండు యంత్రాల మీద రెండు మీటలు నొక్కి వచ్చి, సిరా ఆరేదాకా వేలు పైకెత్తి పట్టుకుని నిలబడింది. ఎవరికి వేశావని ఎవరూ అడగలేదు.

ఇంటికి వచ్చాక వాకిట్లో కూర్చుని, "అందరం ఏసీసినావా?" అని అడిగింది. వేశామన్నాము. ఆమె ఒక్కొక్కరినీ పిలిచి వేళ్ళు చూసింది. ఆరు ఓట్లు. ఆరూ పడ్డాయి. ఆ రోజు పొయ్యి అంటించింది అన్నం వండుకోవడానికే.

ఎన్నికలు ఏవైనా, పార్టీ ఏదైనా, మీ ఇంట్లో ఉన్న ఓట్లు ఎన్నో ముందు లెక్కపెట్టుకోండి. జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోండి. పోలింగు నాడు సాయంత్రం అన్నీ పడ్డాయో లేదో మళ్ళీ లెక్కపెట్టుకోండి. అనకాపల్లిలో తక్కువపడినవి తొమ్మిదే.